ఆఖరి పాఠంలో లేని ఊరు

సీబీఎస్‌ఈలో పన్నెండో తరగతి చదివినవాళ్ళకి ఇంగ్లీషు పుస్తకం ‘ఫ్లమింగో’లో మొదటి పాఠం గుర్తుండే ఉంటుంది. అల్ఫోన్స్ డోడే అనే ఫ్రెంచి రచయిత రాసిన కథ, ‘ద లాస్ట్ లెసన్’. 1870-71 యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయింది. అల్సాస్ ప్రాంతం జర్మనీ చేతిలోకి వెళ్ళిపోయింది. ఇకనుంచి బడిలో జర్మన్ మాత్రమే చెప్పాలని బెర్లిన్ నుంచి ఆర్డరొచ్చింది. ఫ్రెంచి మాస్టారు హామెల్ ఆ రోజు పండగ బట్టలేసుకొచ్చి చివరి క్లాసు చెప్తాడు. వెనక బెంచీల్లో ఊరి పెద్దలు దిగాలుగా కూర్చుంటారు. ఏనాడూ పాఠం సరిగ్గా చదవని ఫ్రాంజ్ అనే కుర్రాడు ఇదంతా మనకి చెప్తాడు.

మా క్లాసులో ఈ పాఠం చెప్తున్నప్పుడు వెనక బెంచీ కూడా సైలెంట్ అయిపోయింది. తెలుగు మాట్లాడితే ఫైను కట్టించుకునే స్కూల్లో కూర్చుని, ఎక్కడో అల్సాస్‌లో ఫ్రెంచి భాష పోయిందని ఇంగ్లీషులో బాధపడ్డాం. ఆ విచిత్రం అప్పుడు ఎవరికీ తట్టలేదు. టీచరుక్కూడా తట్టినట్టు లేదు.

దానికంటే పెద్ద మెలిక ఇంకోటుంది, అది పరీక్షలో ఎవరూ అడగరు. 1871లో అల్సాస్ పల్లెటూళ్ళో ఫ్రాంజ్ అనే పేరున్న పిల్లాడు ఇంట్లో అమ్మతో ఏ భాషలో మాట్లాడేవాడు? ఫ్రెంచిలో కాదు. అల్సేషియన్‌లో. అది జర్మన్ కుటుంబానికి చెందిన మాండలికం. రైన్ నదికి అవతల గట్టున, స్విట్జర్లండ్ వైపున వినపడే భాషకి దగ్గరి చుట్టం. ఫ్రెంచి అతనికి బడి భాష. ఆఫీసర్ల భాష. రేపు బెర్లిన్ నుంచి రాబోయే ప్రామాణిక జర్మన్ కూడా బడి భాషే. అంటే ఆ కథలో ఒక బడి భాష పోయి ఇంకో బడి భాష వస్తోంది. మధ్యలో పిల్లాడి అమ్మ భాషని ఎవరూ తలుచుకోరు.

డోడేకి ఈ సంగతి తెలీదని నేననుకోను. ఆయన దక్షిణాది మనిషి, నీమ్‌లో పుట్టాడు. అక్కడి జనం మాట ప్రోవన్సాల్. ఆ భాషలో కవిత్వం రాసి 1904లో నోబెల్ పంచుకున్న మిస్త్రాల్ డోడేకి స్నేహితుడు. తన భాషని పట్టుకుని ఉన్న జాతి చేతిలో జైలు తాళంచెవి ఉన్నట్టే అని హామెల్ మాస్టారు చెప్తాడే, ఆ మాట మిస్త్రాల్‌దే. మిస్త్రాల్ ఆ మాట అన్నది ప్రోవన్సాల్ గురించి. బడుల్లో ఆ భాషని అణిచిపెడుతున్నది ఫ్రెంచి. డోడే దాన్ని తీసుకొచ్చి ఫ్రెంచి మాస్టారి నోట్లో పెట్టాడు.

కథ అబద్ధం అనడం లేదు. అల్సాస్ వాళ్ళు చాలామంది నిజంగానే ఫ్రాన్స్‌తో ఉండాలనుకున్నారు. ఫ్రెంచి పౌరసత్వం కావాలంటే 1872 అక్టోబరు 1లోగా తేల్చుకుని వెళ్ళిపోవాలని గడువు పెడితే వేలమంది ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళారు. వాళ్ళు ఏడ్చింది బహుశా అల్సేషియన్‌లోనే. మాట్లాడే భాష ఒకటి, మనసులో ఉన్న దేశం ఇంకోటి. ‘మాతృభాష, దేశభక్తి’ అనే హెడ్డింగు కింద ఇమడని జనం వీళ్ళు. ఇది నాకు పుస్తకాల్లో కంటే రిక్‌వీర్ అనే ఊళ్ళో, దాని పక్క ఊళ్ళలో తిరిగినప్పుడు బాగా అర్థమైంది.

ఆఫీసు పనిమీద కొన్నాళ్ళు స్టుట్‌గార్ట్‌లో ఉన్నాను. అక్కణ్ణుంచి స్ట్రాస్‌బర్గ్‌కి హైస్పీడ్ రైలుంది. స్ట్రాస్‌బర్గ్ నుంచి అరగంటలో కోల్మార్. కోల్మార్ నుంచి బస్సు. వారాంతంలో వెళ్ళి రావచ్చు కాబట్టి మనవాళ్ళు గుంపులుగా వెళ్తుంటారు, ఫొటోలు మీరు చూసే ఉంటారు. వోజ్ కొండల కింద ద్రాక్షతోటల మధ్య కోటగోడ. గోడ లోపల ఇటు గోధుమరంగు, అటు నీలం, ఆ పక్కన ఆకుపచ్చ ఇళ్ళు. చెక్క చట్రాల మధ్య మట్టీ గడ్డీ నింపి సున్నం పూసిన గోడలు. కిటికీల్లో ఎర్రటి జెరేనియం పూలు. ఊళ్ళో ఉండేది వెయ్యిమందికి కాస్త అటూఇటూ. సీజన్లో అంతకు ఎన్నో రెట్లమంది ఒక్క పూటలో వచ్చి పోతారు. ఏడాది పొడుగునా, మండుటెండల్లో కూడా క్రిస్మస్ బొమ్మలమ్మే కొట్టు ఉంది.

స్టుట్‌గార్ట్‌లో ఉండేవాడికి ఈ ఊళ్ళో ఒక బొమ్మ ఠక్కున పట్టుబడుతుంది. పోర్షె కారు లోగో గుర్తుందా? మధ్యలో గుర్రం స్టుట్‌గార్ట్‌ది. చుట్టూ ఉన్న జింక కొమ్ములు వుర్టెంబెర్గ్ ప్రభువులవి. రిక్‌వీర్‌లో 1540లో కట్టిన కోట కప్పు అంచుల మీద అవే జింక కొమ్ములు. 1324 నుంచి ఫ్రెంచి విప్లవం దాకా, నాలుగున్నర శతాబ్దాలకు పైగా ఈ ఊరు వుర్టెంబెర్గ్ ఆస్తి. అప్పుడు దాని పేరు రైషెన్‌వైయర్. స్టుట్‌గార్ట్‌ని ఏలిన డ్యూక్ ఉల్రిష్ పుట్టింది 1487లో ఇక్కడే. 1534లో ఆయన తన రాజ్యాన్ని ప్రొటెస్టెంట్ మతంలోకి మార్చాడు. రిక్‌వీర్ కూడా ఆ దారే పట్టింది. చుట్టుపక్కల క్యాథలిక్ ఊళ్ళు అలాగే ఉండిపోయాయి. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న యునావీర్‌లో ద్రాక్షతోటల మధ్య చుట్టూ కోటగోడ కట్టుకున్న చర్చి ఉంది. దాన్ని రెండు మతాలవాళ్ళూ వంతులు వేసుకుని వాడుకుంటారు, ఇప్పటికీ.

ఊరికి ఇంత డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే ఆకాశంలోంచి అనాలి, లేకపోతే ఆకాశం నుంచి రాకపోవడం వల్ల అనాలి. పడమటి మేఘాలు వోజ్ కొండలకి అటువైపే కురిసి తేలికైపోతాయి. ఇటువైపున్న కోల్మార్ ఫ్రాన్స్‌లో అతి తక్కువ వాన పడే పట్టణాల్లో ఒకటి. మన రాయలసీమ రైతుకి ఇది శాపం, ద్రాక్షరైతుకి వరం. పొడి శరత్కాలం, నిదానంగా పండే కాయ. ఊరి ఉత్తరపు గోడకి ఆనుకుని లేచే షోనెన్‌బూర్ వాలు మీద రీస్లింగ్ పండుతుంది. పీపాలు పడవలెక్కి రైన్ మీదుగా ఉత్తరాదికి పోయేవి. ఈ తోటల విలువ ఎంతంటే, 1750లలో డ్యూక్ కార్ల్ ఓయ్‌గెన్ అప్పు చేస్తూ తాకట్టు పెట్టిన ఆస్తుల్లో రిక్‌వీర్ తోటలు కూడా ఉన్నాయి. అప్పిచ్చింది వోల్టేర్. రాజుల మీద వెటకారాలు రాస్తూనే రాజులకి వడ్డీకి తిప్పిన పెద్దమనిషి. ప్రష్యా రాజుతో చెడి 1753-54లో కోల్మార్‌లో తలదాచుకున్నప్పుడు ఈ తాకట్టు తోటలు ఆయనకి కూతవేటు దూరంలోనే ఉండేవి.

గైడ్లు దీన్ని ‘మధ్యయుగపు గ్రామం’ అంటారు. సగం నిజం. ఊరి పైకొసన ఉన్న డోల్డర్ బురుజు 1291 నాటిది, అది మధ్యయుగమే. దొంగలని బంధించిన బురుజూ అంతే. కానీ ఫొటోల్లో పడే ఇళ్ళన్నీ పదహారు, పదిహేడు శతాబ్దాలవి. ద్వారబంధాల మీద చెక్కిన సంవత్సరాలు చదువుకుంటూ వెళ్తే సరిపోతుంది, గైడు అక్కర్లేదు. వైన్ డబ్బు పొంగిన కాలంలో కట్టుకున్న కొత్త ఇళ్ళు అవి. తర్వాత ముప్ఫై ఏళ్ళ యుద్ధం వచ్చింది. 1635లో ఊరు ముట్టడిలో పడి దోపిడీ అయింది. మళ్ళీ అంత డబ్బు చాలాకాలం చూడలేదు. పాతిల్లు పడగొట్టి కొత్తది కట్టే స్తోమత లేనప్పుడు పాతిల్లే మిగులుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు కింద మైదానంలోంచి వెళ్ళింది, ఫ్యాక్టరీలు ఇటు రాలేదు. మనం ఇప్పుడు ‘అందం’ అని టికెట్టు కొనుక్కుని చూసేదాంట్లో పెద్దభాగం ఆగిపోయిన సంపాదనే.

ఆ అందం కూడా అమాయకమైంది కాదు. ఎర్ర లంగా, నల్ల రిబ్బను తలపాగా, కొంగగూడు, వంకరటింకర ఇల్లు ఉండే అల్సాస్ బొమ్మని ప్రపంచానికి అలవాటు చేసింది కోల్మార్ చిత్రకారుడు ఆన్సీ. అసలు పేరు జాన్-జాక్ వాల్ట్జ్. పిల్లల పుస్తకాల్లా కనపడే ఆ బొమ్మల్లో జర్మన్ టూరిస్టులు, జర్మన్ మాస్టార్లు ఎప్పుడూ వికారంగా ఉంటారు. 1913లో వేసిన ‘మా ఊరు’ పుస్తకానికి జర్మన్ కోర్టు ఆయనకి ఏడాది జైలు వేసింది. తప్పించుకుని ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. మనం ఫ్రిజ్ మాగ్నెట్ మీద కొనుక్కొచ్చే ముద్దొచ్చే ఊరు ఒకప్పుడు రాజద్రోహం కేసు.

చాలామంది రిక్‌వీర్ చూసి, రెండు గ్లాసులు రుచి చూసి, బస్సెక్కేస్తారు. నేను ఆ బస్సు ఎక్కకుండా తోటల దారిలో కిందికి నడిచాను. రిక్‌వీర్ నుంచి మిట్టెల్‌వీర్, అక్కణ్ణుంచి బెన్‌వీర్. మొత్తం నాలుగైదు కిలోమీటర్లు. ఈ నడక గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

బెన్‌వీర్‌లో పాత ఇళ్ళు లేవు. తిన్నని వీధులు, లేత రంగుల రెండంతస్తుల ఇళ్ళు, అన్నీ ఇంచుమించు ఒకే వయసువి. పెద్ద కాంక్రీటు చర్చి, గోడ పొడుగునా రంగు గాజులు. ఈ ఊరు కూడా రిక్‌వీర్‌లాగే కొండకింద వైన్ ఊరు. దీనికీ శతాబ్దాల చరిత్ర ఉంది. 1944 డిసెంబరు మొదటి వారంలో అమెరికన్ సైన్యం రిక్‌వీర్ చేరింది, ఆ ఊరు పెద్దగా దెబ్బతినకుండా బయటపడింది. జర్మన్లు మాత్రం కోల్మార్ చుట్టూ ఉన్న ముక్కని వదల్లేదు. 1945 ఫిబ్రవరి దాకా పట్టుకుని వేలాడారు. యుద్ధరేఖ సరిగ్గా ఈ తోటల మీద ఆగింది. బెన్‌వీర్, మిట్టెల్‌వీర్, సిగోల్‌సైమ్, అమ్మెర్ష్‌వీర్ దాదాపు నేలమట్టం అయ్యాయి. ఎవరి వాస్తుశిల్పం గొప్పదన్నది ఫిరంగిగుండు చూడలేదు. మిట్టెల్‌వీర్‌లో ఒక గోడ ఉంది. నాజీల కాలంలో ఊరివాళ్ళు ఆ గోడ మీద నీలం, తెలుపు, ఎరుపు పూలు పెంచారట. పూలే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఊరంతా కూలిపోయాక ఆ గోడ నిలిచింది. ఇప్పటికీ అవే మూడు రంగుల పూలు పెంచుతున్నారు.

యుద్ధం తర్వాత ఈ ఊళ్ళ రైతులకి పీపాల్లేవు, నేలమాళిగల్లేవు, ద్రాక్ష పిండే యంత్రాల్లేవు. ఒక్కొక్కళ్ళూ మళ్ళీ కట్టుకోలేరు కాబట్టి అందరూ కలిసి సహకార సంఘాలు పెట్టి ఒకేచోట వైన్ తీయడం మొదలుపెట్టారు. రిక్‌వీర్‌లో 1639 నాటి కుటుంబం పేరు చెప్పి వైన్ అమ్ముతారు, 1715 నాటి పీపా చూపిస్తారు. బెన్‌వీర్‌లో సహకార సంఘం సీసా దొరుకుతుంది. రెండు ఊళ్ళకీ అదే ఎండ, అదే కొండవాలు. నా మటుక్కు నాకు బెన్‌వీర్ సీసా మీదే గౌరవం ఎక్కువ. రుచి సంగతి వేరే, రీస్లింగ్ మంచిచెడ్డలు చెప్పేంత నాలుక నాకు లేదు.

ఈ ఊళ్ళలో యుద్ధస్మారకాలు చదవండి. ఫ్రాన్స్‌లో మామూలుగా ‘ఫ్రాన్స్ కోసం మరణించినవారికి’ అని ఉంటుంది. అల్సాస్‌లో చాలాచోట్ల ‘మా మృతులకు’ అని ఊరుకుంటారు. ఎందుకంటే మొదటి ప్రపంచయుద్ధంలో ఈ ఊళ్ళ కుర్రాళ్ళు చచ్చిపోయింది జర్మన్ యూనిఫామ్‌లో. అప్పుడు వాళ్ళు జర్మన్ పౌరులు. స్ట్రాస్‌బర్గ్‌లో 1936లో పెట్టిన స్మారకంలో ఒక తల్లి ఒళ్ళో ఇద్దరు కొడుకులు చచ్చిపోతుంటారు. ఇద్దరి ఒంటిమీదా బట్టల్లేవు. బట్టలు తొడిగితే ఏ దేశం బట్టలు తొడగాలి?

1870లో ఇక్కడ పుట్టి 1945 దాకా బతికిన మనిషి గడప దాటకుండా నాలుగుసార్లు దేశం మారాడు. 1871లో జర్మనీ, 1918లో ఫ్రాన్స్, 1940లో మళ్ళీ జర్మనీ, తర్వాత మళ్ళీ ఫ్రాన్స్. మారిన ప్రతిసారీ కొత్త ప్రభుత్వం అతని మీద అనుమానంతోనే వచ్చింది. 1918 తర్వాత ఫ్రెంచివాళ్ళు తాతముత్తాతల లెక్క చూసి జనానికి ఎ, బి, సి, డి అని గుర్తింపు కార్డులు ఇచ్చారు. ‘ఎ’ కార్డుకి మార్కులు ఫ్రాంకుల్లోకి మార్చుకునేటప్పుడు మంచి రేటు. ‘డి’ కార్డంటే దాదాపు బయటికి దారి. లక్షమందికి పైగా వెళ్ళగొట్టారు, లేదా వాళ్ళే వెళ్ళిపోయారు. 1940లో నాజీలు వచ్చి ఫ్రెంచి నిషేధించారు. వీధుల పేర్లు, మనుషుల పేర్లు మార్చారు. ఆఖరికి తలమీద బెరే టోపీ కూడా నిషేధం. 1942 ఆగస్టు 25న నిర్బంధ సైనిక సేవ పెట్టారు. అల్సాస్ నుంచి దాదాపు లక్షమంది, పక్క మొసెల్ నుంచి ముప్ఫై వేలమంది. ఎక్కువమందిని రష్యా వైపు పంపారు. పారిపోతే ఇంట్లోవాళ్ళని పట్టుకెళ్ళేవాళ్ళు. వీళ్ళని ఫ్రెంచిలో ‘మాల్‌గ్రే-నూ’ అంటారు, ‘మాకిష్టం లేకపోయినా’ అని. ముప్ఫై వేలకు పైగా తిరిగి రాలేదు.

ఇష్టం లేకుండా వెళ్ళినవాడు చేసిన పనికి బాధ్యత ఎవరిది? ఇది క్లాస్‌రూమ్ ప్రశ్న కాదు. 1944 జూన్ 10న ఓరదూర్-సూర్-గ్లాన్ అనే ఫ్రెంచి పల్లెలో నాజీ ఎస్‌ఎస్ దళం ఆరువందల మందికి పైగా జనాన్ని చంపింది, ఆడవాళ్ళనీ పిల్లలనీ చర్చిలో పెట్టి తగలబెట్టింది. ఆ దళంలో అల్సాస్ కుర్రాళ్ళున్నారు. 1953లో బోర్డో కోర్టు పద్నాలుగుమంది అల్సేషియన్లకి శిక్ష వేసింది. వాళ్ళలో పదమూడుమంది బలవంతంగా తోలబడ్డవాళ్ళు. అల్సాస్ అంతా రోడ్డెక్కింది. కొద్ది రోజుల్లోనే పార్లమెంటు ఆ పదమూడుమందికీ క్షమాభిక్ష ప్రసాదించింది. ఈసారి ఓరదూర్ వైపు జనం ప్రభుత్వం ఇచ్చిన పతకాలు వెనక్కి ఇచ్చేశారు. ఇద్దరిదీ న్యాయమైన కోపమే అనిపిస్తుంది నాకు, ఆ రెండిటినీ ఒక వాక్యంలో కలిపే తెలివి నాకు లేదు.

ఇంత జరిగాక ఇంట్లో జర్మన్ మాండలికం మాట్లాడ్డం అంటే ఏమిటో ఊహించుకోండి. 1945 తర్వాత ‘ఫ్రెంచి మాట్లాడితే దర్జా’ అని పోస్టర్లు వేశారు. బడిలో అల్సేషియన్ మాట్లాడిన పిల్లలకి శిక్షలు. అమ్మానాన్నలే నిర్ణయించుకున్నారు, పిల్లలకి ఈ బరువు వద్దని. బెర్లిన్ ఆర్డర్లు చేయలేని పని అవమానం చేసింది. 2012లో ఒక సర్వే చేస్తే అరవై దాటినవాళ్ళలో నూటికి డెబ్భైనాలుగుమంది అల్సేషియన్ వచ్చన్నారు. పదిహేడేళ్ళలోపు పిల్లల్లో నూటికి ముగ్గురు. ఇప్పుడు పాత పట్టణాల్లో వీధి పేర్లు రెండు భాషల్లో రాస్తున్నారు, ద్విభాషా బడులు పెట్టారు. 2021లో ప్రాంతీయ భాషల కోసం తెచ్చిన చట్టంలో, పూర్తిగా ఆ భాషలోనే బోధించే వీలునిచ్చే భాగాన్ని ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి కొట్టేసింది. రిక్‌వీర్‌లో వైన్ పోసిన కుర్రాడిని అల్సేషియన్ వచ్చా అని అడిగాను. తాతయ్య తిట్లు మాత్రం వచ్చన్నాడు. మా చెల్లెలి కూతురు డాలస్‌లో ఉంటుంది, దానికీ తెలుగులో అవే వచ్చు.

బెన్‌వీర్ నుంచి ఇంకాస్త నడిస్తే సిగోల్‌సైమ్. ఊరి పైన, తోటల మధ్య గుట్ట. 1944 డిసెంబరులో ఈ గుట్ట కోసం అమెరికన్లూ జర్మన్లూ కొట్టుకుని చచ్చారు. ఇప్పుడు దానిమీద ఫ్రెంచి సైనికుల స్మశానం ఉంది. కోల్మార్ చుట్టూ జరిగిన పోరులో చనిపోయిన పదిహేను వందల మందికి పైగా ఇక్కడున్నారు. శిలువలున్నాయి, యూదుల రాళ్ళున్నాయి, మక్కా వైపు తిప్పి పాతిన ముస్లిం సమాధుల రాళ్ళు వరసలు వరసలుగా ఉన్నాయి. ఫ్రాన్స్ మొదటి సైన్యంలో మొరాకో, అల్జీరియా, ట్యునీషియా కుర్రాళ్ళు ఎంతోమంది. ఆ చలికాలం, ఆ మంచు వాళ్ళకి కొత్త.

ఇక్కడ ఒక పాత లెక్క గుర్తొస్తుంది. 1871లో జర్మనీ కింద ఉండలేక వలస వెళ్ళిన అల్సాస్, లొరేన్ వాళ్ళకోసం ఫ్రాన్స్ పార్లమెంటు ఆ ఏడాది జూన్ 21న చట్టం చేసి లక్ష హెక్టార్ల భూమి కేటాయించింది. ఎక్కడ? అల్జీరియాలో. అదే ఏడాది మొక్రానీ నాయకత్వంలో తిరగబడిన కబీలియా తెగలనుంచి ఫ్రెంచి ప్రభుత్వం భూములు జప్తు చేస్తోంది. హామెల్ మాస్టారి వెనక బెంచీలో కూర్చున్న పెద్దమనుషుల్లాంటి వాళ్ళు కొందరు ఊరు వదిలి వెళ్ళి చేరింది ఇంకొకరి ఊరికి. డెబ్భై ఏళ్ళ తర్వాత ఆ నేల మీంచి వచ్చిన కుర్రాళ్ళు ఈ ద్రాక్షతోటల్లో పడిపోయారు.

అల్జీరియా లాంటి వలసలు స్వతంత్రం అవుతున్న కాలంలో, 1959లో, ఫ్రాన్స్ ఆ దేశాల మాజీ సైనికుల పెన్షన్లు ఉన్నచోటే ఆపేసింది. పక్కనే నిలబడి పోరాడిన ఫ్రెంచి సైనికుడి పెన్షన్ మాత్రం ధరలతోపాటు పెరుగుతూ పోయింది. 2006లో ‘అందిజెన్’ అనే సినిమా వచ్చింది. ఉత్తరాఫ్రికా సైనికుల కథ, చివరి పోరాటం అల్సాస్‌లో ఒక పల్లెటూళ్ళో. ఆ సినిమా చూశాకే ప్రెసిడెంటు షిరాక్ పెన్షన్లు సమానం చేయిస్తానని ప్రకటించాడు. అప్పటికి ఆ సైనికుల్లో బతికున్నవాళ్ళకి ఎనభై దాటాయి.